అద్దం కడిగే నీళ్లు

శివరాత్రి వెళ్లిన తర్వాతి ఆదివారం పొద్దున, చందానగర్‌లోని ఆ అద్దె ఇంటి వాకిట్లో, బానెట్ ఎత్తిన తెల్లకారు ముందు భార్గవి చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. నోరు తెరుచుకుని నిద్రపోతున్న మనిషిలా ఉంది కారు. లోపల ఓ మూలన ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మీద ఎండ పడి, అందులో ఎవరో దీపం పెట్టినట్టు వెలుగుతోంది. ముందు అద్దం కడగడానికి నీళ్లు పోసే డబ్బా అది. రాత్రి తనే నిండుగా పోసింది. ఇప్పుడు చూస్తే అందులో వెలుతురు తప్ప ఏమీ లేదు.

రేపు తను ఉద్యోగంలో చేరాలి. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో, ఒక కంపెనీలో లెక్కలు చూసే పని. పెళ్లయి కడప నుంచి వచ్చాక తన చదువుకు దొరికిన మొదటి పని. చందానగర్ నుంచి అక్కడికి తిన్నగా పోయే బస్సు లేదు. భర్త హేమంత్‌ను పటాన్‌చెరు ఫ్యాక్టరీకి కంపెనీ బస్సు తీసుకుపోతుంది కాబట్టి, కారు వారమంతా వాకిట్లోనే ఉంటుంది. అందుకే పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది.

కాని పోయిన ఆదివారం సరదాగా ఆ దారి చూసొద్దామని వెళ్లినప్పుడు జరిగింది వేరు. కొండాపూర్ దాటాక దారంతా తవ్వకాలే. దుమ్ము అణగడానికి ట్యాంకరు నీళ్లు చల్లి పోయింది. ఎదురుగా వచ్చిన రాళ్ల లారీ ఆ బురదనంతా తెచ్చి అద్దం మీద కొట్టింది. భార్గవి బటన్ నొక్కింది. ఎక్కడో సన్నగా గుర్రుమంది గాని నీళ్లు రాలేదు. వైపర్ అటూ ఇటూ కదిలి బురదను ఇంకా బాగా పులిమింది. ఏమీ కనబడక నడిదారిలో బ్రేకు వేసేసింది. వెనక నుంచి హారన్లు. హేమంత్ చెయ్యి చాపి స్టీరింగ్ పట్టుకుని కారును పక్కకు తెచ్చాడు. తర్వాత ఇద్దరూ సీట్లు మారారు.

ఆయన తిట్టలేదు. ఇంటికొచ్చి భోజనం చేశాక మాత్రం ఒక మాట అన్నాడు.

"వచ్చే ఆదివారం అదే దారిలో పోయి వద్దాం. నువ్వే నడుపు. నేను స్టీరింగ్ పట్టుకోకుండా ఇల్లు చేరితే సోమవారం కారు తీసుకుపో. లేదంటే వాళ్లకు రానని చెప్పేయ్. నాకు భయంగా ఉంది భార్గవీ."

ఆ చివరి మాట వల్ల ఆమె ఎదురు చెప్పలేకపోయింది. ఆ వారమంతా కలలో కూడా కారే నడిపింది. కలలో అద్దం గోధుమరంగు గోడలా ఉండేది. దాని అవతల ఎవరో నెమ్మదిగా నడిచి వెళ్తున్నట్టు నీడలు. చేత్తో తుడిస్తే గోడ ఇంకా దళసరి అయ్యేది.

మార్కెట్ దగ్గరి మెకానిక్ నిన్న బానెట్ కూడా ఎత్తకుండానే, డబ్బా పగిలి ఉంటుంది, కొత్తది తెప్పించాలి, బుధవారం రండి అన్నాడు. బుధవారం ఎవరికి కావాలి? భార్గవి డబ్బా చుట్టూ వేళ్లు పెట్టి తడిమి చూసింది. ఎక్కడా పగులు లేదు. ఎటు పోతున్నాయో తెలియకుండా నీళ్లు పోతున్నాయి. కారు కింద చూద్దామంటే, ఇంటి ఓనరమ్మ కనకలక్ష్మి రోజూ తెల్లారేసరికి వాకిలంతా కడిగేస్తుంది. సిమెంటు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తడిలో తడిని ఎట్లా వెతకడం?

పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి పోయింది. పాలు దించి, గిన్నెలు సర్ది తిరిగి వచ్చేసరికి అత్తగారు వెంకటలక్ష్మి కారుకు పూజ ముగించేసింది. బంపర్ మీద కుంకుమ బొట్లు, టైర్ల ముందు నిమ్మకాయలు, అగరొత్తుల పొగ. డబ్బా నిండా చిక్కటి పసుపు నీళ్లు.

భార్గవి డబ్బాలోకి వంగి చూసింది.

"ఇవేం నీళ్లు అత్తా?"

"పూజ నీళ్లు మ్మే. తొక్కే చోట పోయకూడదు కదా. ఈ ఇంట్లో యాడ చూసినా సిమెంటే. తులసి కుండలో పొద్దున పోసినవే ఇంకా ఇంకలేదు. ఇది మూత తీసి ఉండాది, నీళ్లు పోసేదే కదా అని పోసినా."

ఆ అద్దానికి నీళ్లు చిమ్మే రంధ్రం ఆవగింజంత కూడా ఉండదు. అందులో పసుపు పేరుకుంటే ఇక అంతే. ఈ మాట అనబోయింది భార్గవి. అత్తగారి చేతిలో ఇంకా ఖాళీ చెంబు ఉంది. రెండో చేత్తో బంపర్ మీది బొట్టును సరిదిద్దుతోంది. పోయిన ఆదివారం సంగతి కొడుకు ఆమెకూ చెప్పినట్టున్నాడు.

"బండి నిన్ను భద్రంగా తెచ్చి దించాల గదమ్మా" అంది వెంకటలక్ష్మి, కారుతో చెబుతున్నట్టు.

భార్గవి మెట్టు మీద కూర్చుంది. ఎండ ముదురుతోంది. ఎక్కడో రేడియోలో వార్తలు చదువుతున్నారు. బానెట్ నీడలో ఆ డబ్బా, తెల్లవారుజామున మబ్బు వెనక వెలుగులా పసుపుపచ్చగా మెరుస్తోంది. చూస్తూ ఉంటే తన కోపం కూడా అందులో కరిగిపోతున్నట్టు అనిపించింది. రానని ఫోన్ చేసి ఎట్లా చెప్పాలో మనసులో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టింది. ఒక్క మాటా కుదరలేదు.

అప్పుడే కనకలక్ష్మి చీపురు పట్టుకుని బయటికొచ్చింది. ఈ ఊరు ఇంకా ఊరుగా ఉన్నప్పటి నుంచి ఉన్న మనిషి. కారు కిందికి చూసి ఆగిపోయింది.

"ఏంది వెంకటలక్ష్మమ్మా, గడపకు పసుపు రాస్తరు గని వాకిలికి రాసేటోళ్లను ఇప్పుడే చూస్తున్న. జర నన్ను అడిగినా పేడ తెచ్చి అలుకుతుంటి గదా."

భార్గవి ఒక్క ఉదుటున లేచింది. సిమెంటు మీద, ముందు చక్రం పక్కన, పసుపుపచ్చటి మరక. ఇంత తడిలోనూ చెదరకుండా అరచేయంత వెడల్పున పరుచుకుంది. ఆమె చూస్తుండగానే దాని మధ్యలో ఇంకో చుక్క పడింది.

గోనెసంచి పరిచి కారు కిందికి దూరింది. లోపలంతా నల్లటి నూనె జిడ్డు, ఇనుము, చీకటి. ఆ చీకటిలో పై నుంచి సన్నటి పసుపు దారం ఒకటి దిగి వస్తోంది. దాని చివర చుక్క ఊరి, బరువెక్కి, ఎండను కాస్త లోపలికి తీసుకుని, ఒక్క క్షణం ఆగి జారుతోంది. చుట్టూ చప్పుళ్లన్నీ దూరమైపోయాయి. ఎందుకు వచ్చిందో కూడా మరిచిపోయి అట్లాగే పడుకుని చూసింది. తర్వాత ఆ దారం వెంట పైకి చూపు నడిపింది. డబ్బా బాగానే ఉంది. డబ్బా అడుగున చిన్న మోటారు. మోటారు నుంచి బయలుదేరే నల్ల ట్యూబు మొన దగ్గర, చలికి పగిలిన పెదవిలా ఒక చీలిక.

ట్యూబు పీకేసరికి నీళ్లన్నీ ఆమె చేతి మీదుగా మోచేతి దాకా పారాయి. చీలిన మేర బ్లేడుతో కోసేసింది. మిగతా ట్యూబు పొడవు సరిపోతుంది. కాని గట్టిపడిపోయి మోటారు మొనకు ఎక్కలేదు. ఎంత నొక్కినా జారి బయటికొస్తోంది.

"గ్యాస్ ట్యూబు ఎక్కకపోతే ఏం చేస్తామే మనం?" అంది పక్క నుంచి వెంకటలక్ష్మి. ఆమె కారు పక్కన నేల మీద చతికిలబడి ఎప్పుడు కూర్చుందో భార్గవి చూడలేదు.

ఇద్దరికీ జవాబు తెలుసు. అత్తగారే లోపలికి వెళ్లి మరిగే నీళ్లు గ్లాసులో తెచ్చింది. ట్యూబు మొన అందులో ముంచి, చీర కొంగు చుట్టి పట్టుకుని తోస్తే మెత్తగా ఒదిగి కూర్చుంది. డబ్బాలో నీళ్లు పోసి కుదిపి, గొట్టంతో పీల్చి పారబోసి, మళ్లీ పోసి, పసుపు పలచబడే దాకా కడిగారు. బానెట్ దించి బటన్ నొక్కితే ఏమీ రాలేదు. అనుకున్నట్టే రంధ్రాలు రెండూ మూసుకుపోయాయి. భార్గవి భుజం మీది పిన్నీసు తీసి దాంతో పొడిచింది. మళ్లీ నొక్కగానే రెండు సన్నటి ధారలు లేచి, అద్దం దాటి, కారు పైకప్పు దాటి, కనకలక్ష్మి చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి.

"మంచిగున్నది. ఇగ రేపటి నుంచి వాకిలి నువ్వే కడుగు" అందామె.

సాయంత్రం అత్తగారు గేటు దగ్గర నిలబడింది. భార్గవి స్టీరింగ్ ముందు, హేమంత్ పక్క సీట్లో రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని. కొత్తగూడ వైపు తిరిగాక ఇళ్లు పలచబడ్డాయి. దారి పక్కన బండరాళ్లు, ఎవరో తోమి బోర్లించి మరిచిపోయిన గిన్నెల్లా ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య నుంచి దుమ్ము పొద్దువాలు ఎండలో బంగారంలా లేచి, కదలకుండా గాలిలో నిలబడి ఉంది. కారు అందులోకి ఈదుతున్నట్టు వెళ్లింది. అటు నుంచి లారీ వచ్చింది. గుంటలోని బురద ఎగిరి, చప్పున అద్దం మొత్తం మూసుకుపోయింది.

అది తన కలలోని గోడే. అవతల నీడలు కదులుతున్నాయి. భార్గవి బటన్ నొక్కింది. నొక్కడానికీ నీళ్లు రావడానికీ మధ్య చాలా పొడవైన నిశ్శబ్దం ఉన్నట్టు అనిపించింది. ఆ నిశ్శబ్దంలో హేమంత్ కుడిచెయ్యి మోకాలి మీంచి లేవడం కంటి చివర కనబడింది. ఆమె బ్రేకు తొక్కలేదు. కాలు కొంచెం ఎత్తి, స్టీరింగ్ ఎట్లా ఉందో అట్లాగే పట్టుకుంది. నీళ్లు వచ్చాయి. వైపర్ ఒకసారి వెళ్లి వచ్చేసరికి విసనకర్ర ఆకారంలో దారి తిరిగి వచ్చింది. దారి మీద లారీ లేదు, గుంట లేదు. తలమీద తట్టలు బోర్లించుకుని పని నుంచి ఇళ్లకు పోతున్న ఆడవాళ్ల వరస ఉంది. వాళ్లకు దూరం జరిగి ముందుకు పోనిచ్చింది.

హేమంత్ చెయ్యి మళ్లీ మోకాలి మీదికి చేరింది.

గుండ్రటి భవనం అద్దాల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా వంగి ఉంది. దాని ముందు కారు ఆపకుండా నెమ్మదిగా తిప్పింది. రేపు తను ఏ తలుపులోంచి లోపలికి వెళ్లాలో ఒకసారి చూసుకుంది. తిరుగుదారిలో మళ్లీ దుమ్ము, మళ్లీ నీళ్లు. బొంబాయి రోడ్డు ఎక్కాక ఆయన ఏదైనా అంటాడేమోనని ఎదురుచూసింది. పక్కకు చూస్తే హేమంత్ తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. బస్సులో తప్ప ఆయన ఎక్కడా అట్లా పగటిపూట నిద్రపోవడం ఆమె చూడలేదు. చేతులు మోకాళ్ల మీంచి జారి ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి.

తమ వీధి మలుపు వచ్చింది. ఆపితే లేస్తాడని ఆమె తిరగలేదు. దుకాణాల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. లింగంపల్లి వైపు రోడ్డు నీలంగా, వెడల్పుగా, ఎక్కడికైనా పోయేటట్టు ఉంది.

కొంత దూరం పోయాక ఆయన కళ్లు తెరవకుండానే ఎక్కడున్నామని అడిగాడు. ఇల్లు దాటి వచ్చేశామని చెప్పింది.

"రేపు నన్ను బస్సు దగ్గర దించి పో" అన్నాడు హేమంత్. మళ్లీ కిటికీ వైపు ఒత్తిగిలి పడుకున్నాడు.

ఆమె ఇంకాస్త దూరం పోనిచ్చింది.