మంత్రిని కూర్చోబెట్టిన గరాటు

నేను ఒక గరాటును. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎందుకంటే నేను పుట్టింది బాకాగా.

జూట్ మిల్లులో ఒక ఫిట్టర్ భోజనాల వేళ పాత నూనె డబ్బా రేకు చుట్టి, అతుకేసి, నన్ను కోరాడ గవరయ్య చేతిలో పెట్టాడు. గవరయ్య మగ్గాల కార్మికుడు, యూనియన్‌కు కొత్త కార్యదర్శి. గేటు మీటింగుకు మైకు తెస్తే యాజమాన్యం వైరు పీకించేది. నాకు వైరు లేదు. ఇరవై రెండేళ్లు అతని చుట్ట వాసన భరిస్తూ అరిచాను. ఎప్పుడూ మొదటి మాట ఒక్కటే.

"ముందున్నోళ్లు కూకోండి. ఎనకున్నోళ్లకి అగుపడాల."

అంతే, రోడ్డు మీద వెయ్యిమంది చతికిలబడేవారు.

తర్వాత అతను ఎర్రజెండా పార్టీ ఎమ్మెల్యే అయ్యాడు. పెద్ద మైకులు వచ్చాయి. నన్ను అతని భార్య పైడమ్మ కిరసనాయిలు పోసుకోవడానికి వంటింట్లో పెట్టుకుంది. మనుషుల పదోన్నతులు ఇలాగే ఉంటాయి. ఒకరికి అసెంబ్లీ, పక్కవాడికి కిరసనాయిలు.

అంతలో మిల్లుకు లాకౌట్ పడింది. ఏడు నెలలు. రెండువేల కుటుంబాలు గంజితో సరిపెట్టుకుంటున్నాయి. గవరయ్య సభలో మిల్లు పేరెత్తినప్పుడల్లా మైకు కట్టయ్యేది. మూడోసారీ అలాగే అయ్యాక, అతను ఇంటికొచ్చి నన్ను గోనెసంచిలో వేసుకున్నాడు.

"ఏటి మావా, మరి నాను నూనె ఎలా పోసుకోవాల?" అంది పైడమ్మ.

"నాలుగు రోజులు సేత్తో పోసుకోయే."

అసెంబ్లీ గేటు దగ్గర పోలీసు సంచి తెరిచాడు. "ఏంటండీ ఇది?"

"గరాటు."

అతను వాసన చూసి, తుమ్మి, వెళ్లమన్నాడు. కిరసనాయిలుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అది సమావేశాలకు ఆఖరి రోజు. గవరయ్య నోరు తెరవగానే సగం సభ లేచి కేకలేసింది. మైకు కట్. కార్మిక మంత్రి కాగితాలు సర్దుకుని బయటికి నడిచాడు. అతను గుమ్మం దాటితే మిల్లు సంగతి మళ్లీ సమావేశాల దాకా లేనట్టే. గవరయ్య నన్ను బయటికి లాగాడు. కంగారులో రాసుకున్న ఉపన్యాసమంతా మర్చిపోయాడు. నోటికి అలవాటైనదే వచ్చింది.

"ముందున్నోళ్లు కూకోండి. ఎనకున్నోళ్లకి అగుపడాల."

కూర్చున్నారు. అధికారపక్షం కూర్చుంది, ప్రతిపక్షం కూర్చుంది. నన్ను లాక్కోవడానికి వస్తున్న మార్షల్ మెట్టు మీద కూర్చున్నాడు. మంత్రి దొరికిన కుర్చీలో కూలబడ్డాడు.

"మిల్లు గేటు ఎప్పుడు తీత్తారు బాబూ?"

అంత నిశ్శబ్దంలో మంత్రికి తప్పించుకునే మాట తట్టలేదు. "సోమవారం" అన్నాడు.

గవరయ్యకు మైకు లేదు కనుక ప్రశ్న రికార్డుకెక్కలేదు. మంత్రి కూర్చున్న చోట మైకు పనిచేస్తోంది. జవాబు ఎక్కింది.

నన్ను జప్తు చేశారు. రెండోనాడు పైడమ్మ రైలెక్కి వచ్చింది. "అది ఆయనది కాదు బాబూ, నా గరాటు. ఇచ్చీండి." వాసన చూసి ఇచ్చేశారు.

సోమవారం పొద్దున్న నేను స్టవ్వు మీద పనిలో ఉండగా మిల్లు కూత వినిపించింది. పైడమ్మ చెయ్యి ఆగింది. వీధంతా సైకిలు బెల్లులు. ఇంటికి ఎదురుగానే ఉన్న మిల్లు గేటు దగ్గర గవరయ్య తిండి మర్చిపోయి, వచ్చిన ప్రతివాడినీ వాటేసుకుంటున్నాడు. పైడమ్మ నన్ను కొంగుతో తుడిచింది. గుమ్మంలోకొచ్చి, మొదటిసారి నోటికి పెట్టుకుంది.

"ఎమ్మెల్యే మావా, అన్నం సల్లారిపోతంది. వచ్చి కూకో."

గేటు ముందు వెయ్యిమందీ అలవాటు కొద్దీ చతికిలబడ్డారు. గవరయ్య ఒక్కడే నిలబడిపోయాడు, తెల్లమొహం వేసుకుని.

వెనకున్నవాళ్లకు కూడా బాగా కనిపించాడు.