కోటులో మిగిలిన మాట

మేనత్త పొద్దున్నే ఇస్త్రీ కొట్టు తలుపులు తీసి, ముందుగా బడిపంతులుగారి చొక్కాలు పట్టుకునేది. అవి తొందరగా అయిపోతాయి. ఇస్త్రీ పెట్టె కాలరు మీద ఆనగానే ఆవిరితో పాటు ఆయన గొంతు లేచేది: "వెనక బెంచీ, నోరు ముయ్యండి." జేబు దగ్గర మళ్ళీ అదే. చేతుల దగ్గరా అదే. బస్సు డ్రైవరు చొక్కాల్లో తిట్లు ఎక్కువ. వాటి మీద తడిగుడ్డ పరిచి, అన్నీ ఒక్క దెబ్బకు పోయేలా గట్టిగా వత్తేది.

బట్టల్లో మాటలుండడం ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. చెమట పడుతుంది, మరక పడుతుంది, మాటా పడుతుంది. చెమటా మరకా నీళ్ళకు పోతాయి, మాటకు వేడి కావాలి. పెట్టె గోరువెచ్చగా ఉంటే మాట వినిపించి మళ్ళీ బట్టలోనే సర్దుకుంటుంది. బాగా కాలితే ఆవిరైపోతుంది.

ఆవిరి లేచినప్పుడల్లా అత్త గట్టిగా కూనిరాగం తీసేది. మర్యాదకు రాగం అంటున్నాను గాని, ఆవిడ గొంతుకూ రాగానికీ ఏనాడూ పొసగలేదు. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకూడదనే ఆ గోలంతా.

"విన్నది ఇక్కడే వదిలెయ్యాలిరా. బయట అన్నావంటే ఆ మాట బట్టలోంచి కూడా పోతుంది," అని మేనల్లుడికి చెప్పేది. పిల్లల్ని అదిలించడానికి చెప్పే కబుర్లలో అదొకటి అనుకున్నాడు వాడు. ఆ పిల్లాడికి అప్పటికే ముప్ఫై దాటాయి.

బొత్తాలు పెట్టడం, హాంగర్లకు తగిలించడం వాడి పని. మనసు మాత్రం రెండు సూర్యుళ్ళున్న లోకాల్లో ఉండేది. అత్త వాణ్ణి గ్రహాలవాడనే పిలిచేది. ఏటా పెద్ద హోటల్లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమావేశం జరుగుతుంది. అట్టపెట్టెల రోబోలు, గుడ్డ తోకలు ఈడ్చుకుంటూ డ్రాగన్లు, లిఫ్టులో ఇరుక్కున్న రెక్కల మనుషులు. ఆ తోకలు తొక్కకుండా నడవడం ఒక విద్య, వాడికది ఎన్నేళ్ళకూ పట్టుబడలేదు. ఏం చేస్తుంటారని ఎవరన్నా అడిగితే, "వస్త్ర పరిశ్రమలో ఉన్నానండీ," అనేవాడు. ఓ ఏడు ఒక సంపాదకురాలు వాడి కథ చదివి, "గ్రహం బావుందండీ. మనుషులేరీ?" అంది.

ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మనుషుల కోసం చుట్టూ చూశాడు. చుట్టూ ఉన్నవి బట్టలు.

పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ అప్పుడప్పుడూ పోయిన భర్త బూడిదరంగు కోటు తెచ్చేది. ఆయన బతికుండగా అది ఎన్నిసార్లో బాగా కాలిన పెట్టెతో ఇస్త్రీ అయింది. ఆయన పోతారని అప్పుడు ఎవరికి తెలుసు? చివరికి ఎడమ చేతి మడతలో ఒక్క మాట మిగిలింది. అత్త గోరువెచ్చని పెట్టె ఆవిడ చేతికే ఇచ్చి, తాను వీధి మెట్టు మీదికి పోయి కూర్చునేది. ఒకనాడు మేనల్లుడు వేలాడే బట్టల వెనక నిలబడి విన్నాడు.

"నా నోట్లో చెయ్యి పెట్టి కూడా..." ఇక్కడో నవ్వు, "నా నోరు మూయించలేకపోయావు కదే!"

డాక్టరమ్మ కూడా నవ్వింది. కోటు మడిచి వెళ్ళిపోయింది.

ఆ ఏడు సమావేశంలో కొత్త రచయితల వంతు వచ్చినప్పుడు వాడు కథ చదివాడు. ఎక్కడో దూరపు గ్రహం మీద ఒక మరమనిషి తనను బాగుచేసే ఆవిడతో అంటాడు: నా నోట్లో చెయ్యి పెట్టి కూడా నా నోరు మూయించలేకపోయావు కదే. గది గదంతా ఘొల్లున నవ్వింది, ఆ తర్వాత చప్పట్లు. వాడి జీవితంలో అవే మొదటి చప్పట్లు. ముందు వరసలో ఒక అట్ట రోబో మాత్రం చేతులు కదపలేదు. మెల్లగా తలకాయ తీసి ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరమ్మ. వాడి వంక కాసేపు చూసి, తల మళ్ళీ తగిలించుకుని, తలుపుకు భుజం కొట్టుకుంటూ బయటికి పోయింది.

అప్పుడే సంపాదకురాలు దగ్గరికొచ్చింది. "ఈ కథ నాకివ్వండి. ఆ మాట ఎక్కడిదండీ?"

"అలా... తట్టిందండీ," అన్నాడు.

మర్నాడు అత్త వాడి చొక్కా ఇస్త్రీకి తీసింది. కొట్టు నిండా జనం. మరమనిషి మాట వచ్చింది, చప్పట్లొచ్చాయి, "అలా తట్టిందండీ" కూడా వచ్చింది. అత్త కూనిరాగం తీయలేదు.

"తట్టిందా? ఎక్కడ తట్టిందిరా, నెత్తి మీదా?"

తల కొట్టేసినట్టయింది వాడికి. పంతులుగారు చొక్కాలు తీసుకుని, లెక్కపెట్టుకోకుండానే జారుకున్నారు.

డాక్టరమ్మ కోటు తీసుకుని వచ్చేసరికి వాడు అక్కడే ఉన్నాడు. అత్త పెట్టె ఇచ్చి మెట్టు మీదికి పోయింది. డాక్టరమ్మ ఎడమ చేతి మడత మీద పెట్టె ఆనించింది. ఉత్త ఆవిరి. కొంచెం పైన ఆనించింది, కొంచెం కింద, చెయ్యి తిరగేసి లోపలివైపు కూడా ఆనించింది. ఉత్త ఆవిరే.

"అమ్మా, నేను..." అని ఆగిపోయాడు.

"ఆ రోబో బట్టలు ఆయనే చేశారు, ఇద్దరికీ. ఏటా కలిసి వెళ్ళేవాళ్ళం," అందావిడ. "లోపల కూర్చుని నీ నోట ఆ మాట విన్నాను. మొదట బావుందనే అనుకున్నాను బాబూ. ఆయన నవ్వు మాత్రం నువ్వు వదిలేశావు."

కోటు బల్ల మీదే పెట్టింది. "పారేయడానికి చేతులు రావు. ఇంట్లో ఉంచుకోలేను. నువ్వే ఉంచు."

"వేసుకుని తిరగరా," అంది మెట్టు మీంచి అత్త, ఇటు తిరక్కుండానే.

వాడు సంపాదకురాలికి ఫోను చేసి కథ వేయొద్దన్నాడు.

"అదేంటండీ?"

"ఆ మాట నాది కాదండీ."

"మరి ఎవరిది?"

వాడు ఫోను పెట్టేశాడు.

తర్వాత ఏటా ఆ కోటులోనే సమావేశానికి పోయాడు. చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. ఆఖరి వరసలో కూర్చునేవాడు. ముందు వరసలో ఒంటరి రోబో కనిపిస్తే తల దించుకునేవాడు. ఆ కోటు అత్త ఇస్త్రీ చేస్తే ఏ ఏడైనా ఒకటే మాట: "క్షమించండి, మీ తోక తొక్కాను." అంతకు మించి వాడు ఎవరితోనూ మాట్లాడితేగా!

అలా కొన్నేళ్ళు గడిచాక ఒకసారి, డాక్టరమ్మ తన తెల్లకోట్ల కోసం వచ్చి నిలబడి ఉండగా, అత్త ఆ బూడిదరంగు కోటు బల్ల మీద పరిచింది. పెట్టె బాగా కాలుతోంది. కుడి చేతిలోంచి మామూలుగానే తోకల క్షమాపణలు వచ్చాయి. ఎడమ చేతి మడత దగ్గర ఎవరో కొత్తమ్మాయి గొంతు, "మీరు రచయితాండీ?" అంది.

వెంటనే వాడి గొంతు: "కాదమ్మా. ఇస్త్రీ కొట్టులో బొత్తాలు పెడతాను. ఓసారి ఒకావిడ దగ్గరున్న ఒకే ఒక్క మాట దొంగిలించి ఇక్కడ చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ ఈ గదిలోకి రావాలంటే సిగ్గేస్తుంది. రాకపోతే ఇంకా సిగ్గేస్తుంది..."

మేనల్లుడు చేతిలో ఉన్న బొత్తాన్ని పట్టుకుని అలాగే నేల చూస్తున్నాడు. కొట్టులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు.

డాక్టరమ్మ చెయ్యి చాపి అత్త చేతిలోంచి పెట్టె అందుకుంది. మడత మీంచి పైకెత్తి, వేడి మీటను బాగా కిందికి తిప్పింది. అది గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, మళ్ళీ అక్కడే ఆనించింది.

అత్త గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినపడేలా కూనిరాగం ఎత్తుకుంది.