కథ వింటేనే చేపే బర్రె

పొద్దున లేవగానే పద్మావతి ఫోను పట్టుకుని కొట్టంలోకి పోతుంది. బర్రె ఎదుట కూర్చుని కథ చదువుతుంది. రెండో పేజీకల్లా బర్రె చేపుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి, అత్త మల్లమ్మ పిండుతుంది. దూడ పోయినప్పటి నుంచీ మార్కాపురం శివార్లలోని ఆ ఇంట్లో ఇదే పద్ధతి. వీధిలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. కొన్ని బర్రెలకు తవుడు కావాలి, దీనికి కథ కావాలి, అంతే.

చిక్కల్లా ఒకటే. ఒకసారి విన్న కథ మళ్ళీ చదివితే చుక్క వదలదు. అందుకని పద్మావతి అన్నం కుతకుతలాడుతున్నంత సేపూ పుస్తకాల యాప్‌లో వెతుకుతూనే ఉంటుంది. ఊరికే ఇచ్చే మొదటి పేజీలు చదివి, నచ్చితే దింపుకుంటుంది. జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే పుస్తకం చదివిన రోజు బర్రె కాళ్ళు ముడుచుకుని పడుకుంది. దయ్యాల కథలకు పాలు బాగానే వచ్చాయి గానీ వెన్న పడలేదు. అత్తాకోడళ్ళ తగాదాలుంటే మాత్రం మీగడ వేలు మందాన కట్టేది.

తొలి కాన్పుకు పద్మావతి కనిగిరి పుట్టింటికి పోయింది. పోతూ పాత ఫోను నిండా పుస్తకాలు దింపి పెట్టింది. మామ చెన్నకేశవులు చదివాడు. ఆయన ఏది చదివినా పొలం సర్వే నంబర్లు చదివినట్టే ఉంటుంది, బర్రె మొహం తిప్పుకుంది. యాప్ తనంతట తాను చదివే గొంతు పెడితే చెంబును తన్నింది. ఫోనులోంచి పద్మావతే చదివినా లాభం లేకపోయింది. ఎదురుగా మనిషి కూర్చోవాల్సిందే.

"దొనకొండ గొడ్ల బేరగానికి చెప్పినా. రేపొచ్చి తోలుకపోతాడు," అన్నాడు చెన్నకేశవులు.

ఆ బర్రెను ఒళ్ళో పెట్టుకుని పెంచింది మల్లమ్మ.

"నేను చదువుతా," అంది.

"నీకు చదువెప్పుడొచ్చినాదే?"

పెళ్ళయిన నాటి నుంచీ మల్లమ్మ పలకల ఫ్యాక్టరీలో రాళ్ళు చీల్చింది. ఎక్కడెక్కడి పిల్లలో ఆ పలకల మీద దిద్దుకున్నారు గానీ, ఆమె ఒక్కదాని మీదా ఒక్క అక్షరం రాయలేదు. ఈ ఏడే కోడలు మధ్యాహ్నాలు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించింది. నలుగురి ముందు చదవాలంటే మాత్రం సిగ్గు.

బేరగాడు పలుపు తాడుతో వచ్చేసరికి మల్లమ్మ బర్రె ముందు కూర్చుని ఉంది. ఫోనులో అక్షరాలను ఎంత పెద్దవి చేసుకుందంటే, తెర మీద మూడు మాటలే పట్టాయి. కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. ఒత్తు దగ్గర ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ చదివింది. బర్రె నెమరు ఆపి, ఆమె మాట కోసం కాచుకుంది. మొదటి వాక్యం పూర్తయ్యేసరికి పొదుగు నుంచి పాలు కారుతున్నాయి. చెన్నకేశవులు చెంబు కోసం పరుగెత్తాడు.

"ఇంతకీ కథలో ఆ పిల్ల వాళ్ళ నాయనకు ఏం చెప్పినాదంట?" అడిగాడు బేరగాడు.

"కూర్చో నాయనా. నేనింకా ఆడికి రాలా."

అతను గడ్డి మోపు మీద కూర్చున్నాడు. కథ అయ్యాక తాడు చుట్టుకుని ఒట్టి చేతులతో వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మల్లమ్మ కనిగిరికి ఫోన్ చేసింది. "పద్మా, కొత్త పుస్తకం కావాలంటే ఎట్ల ఎతకాల?"

"నేను పేరు చెప్తా, అత్తా. మంచిదుంది."

"పేరొద్దు. ఎట్ల ఎతకాల్నో చెప్పు. నేనే ఏరుకుంటా."

మొగుణ్ణి నాయన ఏరాడు. చీరలు మొగుడు ఏరాడు. మల్లమ్మ యాప్‌లో పుస్తకాల అట్టల బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచి, నచ్చనివి నిక్కచ్చిగా పక్కకు నెట్టింది. ఒకదాంట్లో ఒక ముసలామె ఒంటరిగా రైలెక్కుతోంది. ఎక్కడికో చెప్పలేదు. మల్లమ్మకు ఒళ్ళంతా సంతోషం పాకింది.

"అన్నం పెట్టవా ఏంది?" కేకేశాడు చెన్నకేశవులు.

"గిన్నెలో ఉండాది, పెట్టుకో."

బర్రెకు పొద్దున చదవొచ్చులే అనుకుని, మల్లమ్మ వేలితో తోసి రెండో పేజీలోకి పోయింది.