తాళానికున్న చెవి

తడిగుడ్డతో బూట్ల అడుగులు తుడుస్తున్నాడు. జైలరు బూట్లు. అతని పాదానికి బాగా పెద్దవి. ముందువైపు పాత బట్టలు కుక్కి తొడుక్కుంటాడు. నిన్న ఇసుకలో నడిచిన బూట్లు ఇవాళ గచ్చుమీద నడవాలి. ఒక్క రేణువు మిగిలినా మైకు పట్టేస్తుంది.

టీవీలో వచ్చే జైలు సీరియల్‌కు చప్పుళ్ళు చేయడం అతని పని. తెరమీద ఎవరు నడిచినా ఆ నడక అతనిది. కటకటాలు మూసుకుంటే వినిపించే మోత ఒక విరిగిన ఇనుపమంచానిది. ఖైదీ చెంచాతో గోడ తవ్వుతుంటే, ఇతను గచ్చుమీద ఇటుకముక్క గీస్తుంటాడు. ముఖాలు ఎవరివో జనానికి తెలుసు. కాళ్ళు ఎవరివో ఎవరికి కావాలి? వీధిలో అతన్ని చప్పుళ్ళాయన అంటారు. ఆ లెక్కన భార్య చప్పుళ్ళావిడ అయింది, ఏ చప్పుడూ చేయని మనిషి అయినా.

ఆమెకున్న చప్పుడు ఒక్కటే. నడుముకు కొక్కెంతో తగిలించుకునే తాళంచెవుల గుత్తి. అందులో వీధి తలుపు చెవి ఒక్కదానికే తాళం ఉంది. తుప్పుపట్టి పారేసిన పెట్టెది ఒకటి, ఎప్పుడో అమ్ముకున్న పుట్టింటి బీరువాది ఒకటి, దేనిదో ఆమెకే తెలియనిది ఇంకొకటి. పారేయవే అంటే, "ఆ బరువు లేకపోతే నడుము నాది కానట్టుంటుంది" అనేది. ఒకప్పుడు ఆ గలగలను బట్టే ఆమె ఏ గదిలో ఉందో అతనికి తెలిసేది. రెండేళ్ళ కిందట సీరియల్ మొదలైనప్పుడు, జైలరు గుత్తికి ఆ మోతే బాగుందని పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. పొద్దున పట్టుకెళ్ళి సాయంత్రం తెచ్చిస్తాడు.

ఆ తరవాతే అతని చెవులు మూతపడసాగాయి. ముందు చీమ చిటుక్కుమనే చప్పుళ్ళు పోయాయి. ఆ పైన మెల్లగా మాట్లాడేవాళ్ళ మాటలు పోయాయి. చూపు పోయిన దర్జీకి సూది ఎవడిస్తాడు? ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే పక్కింటికి తెలుస్తుంది అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నిజం అది కాదు. ఆమె ముందు తగ్గడం ఇష్టంలేదు, అంతే. అందుకని తలూపడం నేర్చుకున్నాడు. లోకంలో సగం ప్రశ్నలకు తలూపితే చాలు. మిగతా సగానికి నవ్వితే సరిపోతుంది. ఆమె లెక్కలో అతను మాట పట్టించుకోని మొగుడు. అలాంటి మొగుళ్ళకు కొరతా?

ఆమె వచ్చి ఎదురుగా నిలబడి, గుత్తి కొక్కెం విప్పింది.

"ఇవాళ్టితో వదులుతుందిగా మీ జైలు?" గట్టిగానే అడిగింది.

"ఆఁ. ఇవాళ పారిపోతాడు."

"రెండేళ్ళు తవ్వాడు మహానుభావుడు! ఆ తవ్వేదేదో మన వీధిలో తవ్వుంటే నీళ్ళ గొట్టమైనా పడేది."

అతను నవ్వాడు.

"గుత్తి అక్కడ పారేసి రాకండి."

"తెస్తాలేవే."

"ఏం తెస్తారో! తాళానికైనా చెవి ఉంది, మీకే లేదు."

రోజూ అనే మాటే. రోజూ గుచ్చుకునే మాటే. అతను వంగి బూట్లు సంచిలో సర్దసాగాడు. ఆమె కిటికీవైపు తిరిగి ఇంకేదో అంది. అరచెయ్యి రొమ్ముమీద ఆనించి, మరకేదో తుడుస్తున్నట్టు రాసుకుంటోంది. అతనికి కదిలే దవడ కనిపించిందేగాని మాట అందలేదు. ఆమె తిరిగి చూసేసరికి తలూపాడు. ఆమె నమ్మలేనట్టు అదే మాట మళ్ళీ అడిగింది, ఈసారి ఇంకా మెల్లగా. ఈసారి ఇంకా గట్టిగా తలూపాడు.

ఆమె ముఖం విప్పారింది. ఎన్నో రోజులుగా అతను ఆ ముఖం చూడలేదు. ఇంత చిన్నమాటకు ఇంత సంబరమా అనుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ చిన్నమాట ఏమిటో తెలియకుండానే.

చప్పుళ్ళ గదికి కిటికీలు లేవు. గోడలనిండా దూది పరుపులు. నేలమీద పళ్ళేల్లో ఇసుక, కంకర, ఎండుటాకులు. గాజు అవతల రికార్డు చేసే అమ్మాయి కూర్చుంటుంది. ఇద్దరు పిల్లల తల్లి, అతన్ని బాబాయ్ అంటుంది. చివరి ఎపిసోడ్ సాయంత్రానికే ప్రసారం. పొద్దున్నే జైలరు నడక అయింది, వాన అయింది, కుక్క పరుగు అయింది. అన్నీ తెరను చూసి చేసేవే. చెవితో పనిలేదు.

అసలు చిక్కు తరవాత వచ్చింది. జైలరు కుర్చీలో నిద్రపోతుంటాడు. ఖైదీ కటకటాల్లోంచి చెయ్యి చాపి, అతని నడుమునుంచి గుత్తి లాగుతాడు. అంతా నిశ్శబ్దం. ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క చెవి, టింగుమనాలి. ఆ ఒక్కదానికి ఇంటింటా గుండె ఆగాలని దర్శకుడి ఉత్తరువు.

"ఎక్కువైంది బాబాయ్," అంది అమ్మాయి, అతను చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో పూర్తి మోతమీద.

మళ్ళీ చేశాడు.

"ఇప్పుడు అసలు రాలేదు."

మళ్ళీ చేశాడు.

"బాబాయ్, ఇది జైలా, పాలబండి గంటా?"

భోజనం వేళ దాటింది. విసిగి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. కాసేపటికి అమ్మాయి తన గదిలోంచి వచ్చి, వెనక నిలబడి పిలిచింది. మళ్ళీ పిలిచింది. అతను గుత్తినే చూస్తున్నాడు. ఆమె చుట్టూ తిరిగి ఎదుటికి వచ్చాక ఉలిక్కిపడ్డాడు. అమ్మాయి అతని చెవులకేసి చూసింది.

"ఎన్నాళ్ళనించి?"

పెదవుల్ని బట్టి అర్థమైంది. ఈ ప్రశ్నకు తలూపితే కుదరదు.

"పైన చెప్పకమ్మా. ఇంకో సీరియల్‌కు పిలుస్తారో లేదో."

"నేనెందుకు చెప్తాను? పిన్నికి తెలుసా?" గట్టిగా అడిగింది.

అతను నవ్వాడు.

అమ్మాయి గుత్తి తీసి అతని అరచేతిలో పెట్టింది. "చెవితో వద్దు. చేత్తో చెయ్యి."

ఇనుము చల్లగా ఉంది. రాత్రిపనులు చేసి పొద్దెక్కేదాకా పడుకునే రోజులు గుర్తొచ్చాయి. భార్య ముందే లేచేది. గుత్తి మోగకుండా పిడికిట్లో బిగించి, మంచం పక్కనుంచి మునివేళ్ళమీద నడిచి వెళ్ళేది. ఎంత బిగించినా గడప దగ్గర చిటికెనవేలి సందులోంచి ఒక్క చెవి జారేది. టింగుమనేది. అతను కళ్ళు మూసుకునే ఉండి, "నిద్ర చెడగొట్టావు" అని కసిరేవాడు. చెడకూడదనే కదా ఆమె పిడికిలి బిగించింది. ఆ సంగతి ఇన్నేళ్ళకు, దూది గోడల మధ్య, కూలిపని చేస్తుంటే తట్టింది.

పిడికిలి బిగించాడు. చిటికెనవేలు కొంచెం వదిలాడు. చప్పుడు వినపడలేదు, ఎముకకు తగిలింది.

గాజు అవతల బొటనవేలు లేచింది.

అతను వీధిలోకి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. గుత్తి సంచిలో వెయ్యలేదు, చేత్తోనే పట్టుకుని నడిచాడు. ఇవాళ ఆమెకు చెవుల సంగతి చెప్పెయ్యాలి. తిడితే తిట్టనీ. నీ మాట పట్టించుకోక కాదే, వినపడక, అని ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచిస్తూ మలుపు తిరిగాడు.

ఇంటిముందు జనం ఉన్నారు. అతన్ని చూసి నోళ్ళు కదిలాయి. ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చి ఏదో చెప్పారు. అలవాటుకొద్దీ తలూపాడు. వాళ్ళు బిత్తరపోయి చూశారు. పక్కింటావిడ అతని మోచెయ్యి పట్టుకుని, ఏడుపుగొంతుతో చెవి దగ్గర అరిచింది.

"మధ్యాహ్నమే రావాల్సింది అన్నయ్యగారూ! గుండెల్లో పట్టేసినట్టుంది, మధ్యాహ్నం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళండని పొద్దున అడిగిందట కదా. నేను తీసుకెళ్తా పద వదినా అంటే వినలేదు. 'ఆయన వస్తానన్నారు. ఎప్పుడూ లేంది ఇవాళ రెండుసార్లు తలూపారు' అని ఒకటే మురిసిపోయింది."

తలుపు పక్క కుర్చీలో ఆమె కూర్చునే ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుంది. చెప్పులు తొడుక్కుంది. పక్కింటావిడ టీ తెచ్చి లేపబోతే తల గోడకు వాలిందట. నడుముకు కొక్కెం ఖాళీగా ఉంది.

అతను అక్కడే నిలబడ్డాడు. దీపాలు పెట్టారు. ఎవరెవరో ఏమేమో చెబుతున్నారు. ఇప్పుడు తల కదలడంలేదు. ఎదురింట్లో టీవీ వెలుగు గోడమీద ఆడుతోంది. చావింటి ముందు నిలబడ్డా చివరి ఎపిసోడ్ చివరి ఎపిసోడే. వాకిట్లో ఉన్న తలలన్నీ ఒక్క క్షణంలో, తాడుపెట్టి లాగినట్టు, అటు తిరిగాయి. మళ్ళీ సిగ్గుపడి ఇటు తిరిగాయి.

తెరమీద చెవి జారిందని దాన్నిబట్టి తెలిసింది అతనికి.

ఆమెను ఎత్తి లోపల పడుకోబెట్టారు. కుర్చీ అడ్డంగా ఉందని ఎవరో జరపబోతే అతను జరపనివ్వలేదు. పిడికిలి విప్పి, గుత్తిని ఆ కుర్చీలో పెట్టాడు. చెవులన్నీ ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి. వీధి తలుపు చెవి మాత్రం కుర్చీ అంచు దాటి, గాలిలో వేలాడుతూ, తలూపుతున్నట్టు ఇంకా కిందికీ పైకీ ఊగుతోంది.