కాకినాడ, పాండిచ్చేరి

పదమూడో జత ఎక్కడుంది, రొయ్యకి మొత్తం పంతొమ్మిది జతల అవయవాలు, విరక్కుండా ఒక్కొక్కటీ లాగి అట్ట మీద వరసగా అతికించాలి, నేను పన్నెండు అతికించాను, ఇవాళ రిహార్సలే, అసలు ప్రాక్టికల్ సోమవారం మధ్యాహ్నం రెండింటికి, పీజీ ఎంట్రన్స్ మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి, సెంటర్ పాండిచ్చేరి, గంట క్రితం ఫోన్లో హాల్ టికెట్ తెరిస్తే అలా ఉంది, పక్కనున్న షారోన్ తొంగిచూసి ఒసే వీణా, గంటలో ఎల్లే కాకినాడ ఉండగా పాండిచ్చేరి పెట్టావేంటే, సోమారం సాయంత్రం ఇక్కడ చేతులు కడుక్కుని తెల్లారేసరికి అక్కడ దిగుతావా, ఎగిరెల్తావా ఏంటి అంది, అలవాటులో నొక్కేశానే అన్నాను, నిజమే, పుట్టినప్పట్నుంచీ ఏ ఫారంలోనైనా ఊరు యానాం, రాష్ట్రం పాండిచ్చేరి, చుట్టూ ఆంధ్రా, మన రాష్ట్రమేమో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల, వేలు దానంతటదే అక్కడికి పోతుంది, ఈ పొరపాటు చేయాలంటే యానాంలో పుట్టి ఉండాలి.

వెంకటరాజు సార్ వచ్చి జిగురు ఎక్కువైందమ్మా అన్నారు, పొద్దుటి బ్యాచ్‌లో వెయ్యరా సార్ అని అడిగాను, రోల్ నంబర్ల వరసమ్మా, మార్చలేం, ప్రాక్టికల్ పోతే డిగ్రీ ఆగిపోద్ది, డిగ్రీ లేకుండా పీజీ సీటొచ్చి ఏం చేసుకుంటావు అన్నారు, ఆయన మాట తప్పు కాదు, అమ్మ డిసెంబర్లోనే అంది, ఏడు పేపర్లూ, పైన ఆ ఎంట్రన్సూనా, రెండు పడవల మీద కాళ్ళెట్టకే, గోదాట్లో పడతావు, రొయ్యకి పంతొమ్మిది జతలున్నాయిలే అమ్మా అని నవ్వేశాను, ఎంట్రన్స్ పుస్తకం మాత్రం మూడో చాప్టర్ దాటలేదు, రికార్డులున్నాయి, సెమినార్ ఉంది, టైమ్ లేదు, ఎవరడిగినా అదే చెప్పాను, అందరూ పాపం అన్నారు.

పదమూడోది దొరికింది, నడిచే కాళ్ళలో చివరిది, మెల్లగా లాగుతున్నాను, ఫారం నింపిన రోజు కూడా ఇదే బల్ల, ఊళ్ళ జాబితాలో పాండిచ్చేరికి వెళ్ళేముందు వేలు ఒకచోట ఆగింది, ఆ నాలుగక్షరాలూ చదివాను, తాళ్ళరేవు మీదుగా గంట అని బస్సు కూడా లెక్కేసుకున్నాను, తర్వాత వేలు కిందికి జరిపాను, ఇందాక హాల్ టికెట్ చూస్తే గుండె జారలేదు, హమ్మయ్య అనిపించింది, ఇన్ని పేపర్ల మధ్య పాపం కుదర్లేదంటారు, రాసి కూడా సీటు రాలేదని ఎవరూ అనరు, షారోన్ సార్‌తో యానామోళ్ళందరం ఇంతే సార్, అలవాటు అంటోంది, రొయ్య కాలు కీలు దగ్గర విరిగింది, అలవాటూ కాదు, టైమూ కాదు, భయం, ఆ రోజు నాకు కాకినాడ కనబడింది.