గుప్పెడు చోళ్లు

నేను ఒక చక్రాన్ని. బండికి వేసే చక్రాన్ని కాదు, అంచు చుట్టూ కంచు దొప్పలు బిగించిన నీటి చక్రాన్ని. కొండ మీంచి గొట్టంలో దిగిన నీళ్లు ఆ దొప్పల్ని కొడితే నేను తిరుగుతాను. నాతోపాటు జనరేటర్ తిరిగి కరెంటు పుడుతుంది. తిరగడం తప్ప నాకు మరో విద్య రాదు. అయినా నన్ను చూసిన ప్రతి మనిషీ మొదట అడిగేది ఒకటే: దీని మీద పెట్టిన డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది?

నన్ను పోత పోయించింది రామభద్రం గారనే కాఫీతోట యజమాని. డీజిలు ఖర్చు భరించలేక ఈ పనికి దిగాడు. ఇక్కడ కొండవాగుని గెడ్డ అంటారు. వానలు అప్పుడే వెలిసిన రోజుల్లో ఆయన తోట పక్క గెడ్డని చూసి, ఆ పొంగునే నమ్ముకుని లెక్కంతా వేశాడు. నా ఖరీదు కొంతే. నీళ్లు దింపే ఇనప గొట్టానికి నాకంటే నాలుగింతలైంది. ఐదేళ్లలో పెట్టుబడి వచ్చేస్తుందనీ, ఆపైన అంతా లాభమేననీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. వేసవి రాగానే గెడ్డ సన్నబడింది. ఆయన లెక్క దానికెవరూ చెప్పలేదు మరి. ఈలోగా తోటదాకా కరెంటు స్తంభాలు వచ్చాయి. నన్ను షెడ్డు వెనక పడేసి దండగమారి చక్రం అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగానే కష్టం వేసింది.

కాఫీపళ్లు కోయడానికి కూలికి వచ్చిన సుక్రి అక్కడే నన్ను చూసింది. ఎగువనున్న ఆమె ఊరికి స్తంభాలు రాలేదు, వేయిస్తామన్నవాళ్లూ మళ్లీ రాలేదు. కానీ ఆ ఊరి గెడ్డ నడివేసవిలోనూ తగ్గదు. ఏటేటా దాని నీళ్లు మోసిన మనిషి కాబట్టి ఆమెకి తెలుసు. పైగా మొండిది. ఆడవాళ్ల సంఘం విత్తనాల కోసం దాచుకున్న సొమ్ము తెచ్చి, నన్నూ గొట్టాన్నీ జనరేటర్‌నీ పాత ఇనుము ధరకి బేరమాడి కొంది. దుక్కుల వేళకి ఆ సొమ్ము వెనక్కి రాకపోతే ఊరంతా విత్తనాలకి షావుకారు గుమ్మం తొక్కాలి. అందరూ ఆమెకి ఆ సంగతి గుర్తుచేశారు. గొట్టాన్ని ముక్కలుగా విప్పించి, కొండెక్కించేటప్పుడు మొదట తన భుజమే పెట్టింది.

దీపాలు వెలిగాయి. ఊరు సంబరపడింది. ఇంటికి నెలకి యాభై ఇమ్మని సుక్రి అడిగేసరికి ఆ సంబరం కాస్తా చల్లారింది. పిసినారితనం కాదు. ఆ ఊళ్లో నీళ్లకి వెల కట్టరు. దాహమన్నవాడి దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఎంత తప్పో, గెడ్డ ఇచ్చినదానికి పుచ్చుకోవడమూ అంతే తప్పు. ఊరిపెద్ద గాసి మెత్తగానే చెప్పాడు.

"గెడ్డ మనకి ఊరికినే ఇత్తంది కోడలా. దాని నీళ్లు మనం అమ్ముకోడమేటి?"

సుక్రి యాభై మాట మళ్లీ ఎత్తలేదు. కింద ఒకాయన గెడ్డలో డబ్బు తప్ప ఇంకేమీ చూడలేదు, పైన వీళ్లు డబ్బు వంకే చూడరు. మధ్యలో అరిగింది నా బేరింగు. ఆ చలికాలం వెళ్లకముందే అది కిర్రుమని మూలిగి, ఒకనాడు బిగుసుకుపోయింది. కొత్తది కొనడానికి పైసా లేదు. ఊరు మళ్లీ చీకటైంది. సుక్రిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

ఆ రోజుల్లోనే పక్కింటావిడ సుక్రి తిరగలి మీద చోళ్లు, అంటే రాగులు, విసురుకుని, వెళ్తూ వెళ్తూ అలవాటుగా గుప్పెడు చోళ్లు తిరగలి పక్కన పెట్టిందట. అది ఆ ఊరి మర్యాద. ఎవరి తిరగలి వాడుకున్నా, రాయి అరుగుతుంది కనుక దానికి గుప్పెడు కూలి ముట్టాలి. సుక్రి ఆ గుప్పెడు వంకే చూస్తూ కూర్చుండిపోయిందని తర్వాత విన్నాను.

మెడలోని వెండి కంటె అమ్మి బేరింగు తెచ్చింది. ఆ డబ్బులోనే ఒక పాత పిండిమర కూడా తెచ్చింది. అంతవరకూ నాకు రాత్రి దీపాల పని తప్ప పగలు పనే ఉండేది కాదు. ఇక పగలు మర తిప్పాలి. ఊరందరినీ పిలిచి మొదటి కుంచం తనే పోసి, పిండి పట్టగానే గుప్పెడు చోళ్లు తీసి గట్టు మీద పెట్టింది.

"ఇది గెడ్డకి కాదు మామా. సక్రం అరుగుతాది. దాని కూలి."

గాసి లేచాడు. ఇంటికెళ్లి చోళ్ల సంచి మోసుకొచ్చి, పట్టించుకుని, తన చేతికి పట్టినన్ని తీసి పెట్టాడు. ఆయన చెయ్యి పెద్దది.

తర్వాత పొరుగూళ్ల వాళ్లూ వచ్చారు. గుప్పెళ్లన్నీ గాదెలో పడ్డాయి. దుక్కుల ముందు సుక్రి వాటిని సంతలో అమ్మి, సొమ్ము తెచ్చి సంఘం ముందు పెట్టింది. కొంచెం తగ్గింది. తగ్గినంతకీ గాదెలో మిగిలిన చోళ్లనే విత్తనాలుగా కొలిచి ఇచ్చింది. ఆ ఏడు షావుకారు గుమ్మం ఎవరూ తొక్కలేదు.

ఏళ్లు గడిచాయి. నీళ్లలో వచ్చే ఇసుక నా దొప్పల్ని తినేసింది. గుప్పెళ్ల సొమ్ముతోనే కొత్త చక్రం వచ్చింది. నన్ను గోడకి తగిలించి పసుపుకుంకాలు పెడతారని ఆశపడ్డాను. మనుషుల మధ్య బతికితే అలాంటి ఆశలు అంటుకుంటాయి. సుక్రి పాత ఇనుము కొనేవాణ్ని పిలిచింది. అవతలి కొండ మీది ఊరివాళ్లు చక్రం పెట్టుకుంటున్నారు, గొట్టానికి డబ్బు చాలలేదు. నా కంచుకి వచ్చినంతా వాళ్లకేనని ముందే మాటిచ్చేసింది.

కాటా మీద పెట్టాక ఆమె వచ్చి, అన్నిటికంటే తక్కువ అరిగిన దొప్ప వెతికి గుప్పెడు చోళ్లు పోసింది. తూకం తేడా వస్తుంది, తీసెయ్యమన్నాడు అతను.

"ఆ బరువు తగ్గించుకోని ఇయ్యి. దాని కూలి ముట్టుకోకు."

దారి కుదుపులకి కొన్ని ఒలికాయి, మిగతావి ఉన్నాయి. ఇప్పుడు నేనున్న ఈ పాత ఇనప కొట్టు నిండా నాలాగా కరగబోయే సామాన్లే, అన్నీ జీవితమంతా పనిచేసినవే. కూలి ముట్టింది మాత్రం నాకొక్కదానికే.