పదకొండు ఔన్సుల సంచీ

ఎల్నా హోవ్‌లాండ్ తన పాత కళ్లజోడు సంచీని వంటింటి బల్ల మీదున్న తూకంలో పెట్టింది. అందులో తుపాకీ బాగుచేసుకునే సరంజామా ఉంది. మూడు ముక్కలుగా విడిపోయే ఇనప చువ్వ, గొట్టం తోమే బ్రష్షు, గుడ్డపీలికలు, గురి చూసే స్కోపు మరలు బిగించే వంకర తాళంచెవి, నల్ల టేపు, చిటికెన వేలంత సీసాలో లైటర్లో పోసే నూనె. పదకొండు ఔన్సులు తూగింది, పావు కిలో పైమాటే.

"తీసెయ్యండి వదినా," అన్నాడు ఎమిల్. "గొట్టం తుడవడానికి తాడుంది కదా, రెండౌన్సులు."

ఎమిల్ ఆమె చెల్లెలి మొగుడు. లూసియానా చిత్తడి నేలల్లో బాతుల్ని కొట్టి పెరిగినవాడు, మోంటానా వచ్చి నాలుగేళ్లయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఈ కొండల్లో బరువు తగ్గించే పిచ్చి అతనికి పుట్టి పెరిగినవాళ్లకంటే ఎక్కువ పట్టుకుంది. టీ పొట్లాలకున్న కాగితాలు కూడా చింపి పారేశాడు.

"గొట్టంలో మంచు బిగుసుకుంటే తాడేం చేస్తుంది? తాడుతో నెట్టగలిగిన మగాణ్ణి నేనింతవరకు చూళ్లేదు."

"సరే, చువ్వ ఉంచండి. ఆ సీసా ఎందుకు? మీరు సిగరెట్ మానేసి పదేళ్లయింది."

"అదీ ఉంటుంది."

వివరం అడిగే అలవాటు అతనికి లేదు, చెప్పే ఓపిక ఆమెకు లేదు. కొండ పొట్టేలు వేట పర్మిట్ కోసం ఎల్నా ఇరవై ఆరేళ్లు వరసగా దరఖాస్తు పెట్టింది. లాటరీలో పేరు వచ్చేసరికి అరవై నిండాయి, కుడి మోకాలు అరిగిపోయింది, డిసెంబరులో ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు. వేటకి ఇంకా అయిదు రోజులే గడువు. మళ్లీ పేరు వచ్చినా అంత ఎత్తు ఎక్కే కాలు ఉండదని ఆమెకు తెలుసు. అందుకే పేచీ పెట్టకుండా ఆ సంచీ బరువుకి బదులుగా తన మిగతా వస్తువులే బలిపెట్టింది. మారు చెప్పులు తీసేసింది, కాఫీ లోటా తీసేసింది, పళ్లు తోముకునే బ్రష్షు పిడిని కోసి పారేసింది. సంచీని మాత్రం ఉంచింది.

ఆ మధ్యాహ్నం ఆమె గుర్రాలకి ఓట్స్ దాణా కొనడానికి ఊళ్లోకి వెళ్లినప్పుడు ఎమిల్ ఒక మంచిపని చేశాడు. ఆమె తుపాకీ ఒర విప్పి, తూటాని పేల్చే సూది ఉండే బోల్టుతో సహా మూలమూలకీ నూనె పట్టించాడు. అతని ఊళ్లో తుపాకీకి తుప్పే శత్రువు. రోజూ నూనె రాయనివాణ్ణి అక్కడ సోమరిపోతంటారు. కొండ మీద చెబితే వదిన మెచ్చుకుంటుందనుకుని నోరు మెదపలేదు. వారం కిందటే బోల్టు విప్పి పొడిగా తుడిచి పెట్టాను కదా అనుకుని ఎల్నా మళ్లీ చూడలేదు. ఆ తప్పు ఆమెది.

కొండెక్కిన మూడోరోజు పొద్దున పొట్టేలు కనిపించింది. ఎదుటి వాలులో, రెండొందల గజాల దూరంలో, ఆడమందలో పడుకుని నెమరేస్తోంది. ముక్కులో ఊపిరి గడ్డకట్టే చలి. ఎల్నా మూట మీద తుపాకీ ఆనించి, బోర్లా పడుకుని, పొట్టేలు లేచి పక్కకి తిరిగేదాకా ఆగింది. తిరిగాక మీట నొక్కింది.

టిక్కుమంది. అంతే.

పొట్టేలు తలెత్తి చూసి, గడ్డి కోసం మంచు గీరడంలో పడింది. తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది గనక ఎల్నా గొట్టం కదపకుండా ముప్ఫై లెక్కపెట్టి, అప్పుడు బోల్టు తెరిచింది. తూటా వెనక దోమ కుట్టినంత గాటు పడింది. కొట్టాల్సిన సూది నీరసంగా కొట్టింది. వేలితో తడిమితే చలికి చిక్కబడ్డ నూనె జిగురు అంటుకుంది.

"నేనే వదినా," అని గుసగుసగా అన్నాడు ఎమిల్. "తుప్పు పట్టకుండా నూనె పెట్టాను."

అతన్ని ఆ వాలులోంచి కిందికి తోసేయాలనిపించింది ఆమెకు. ఇరవై ఆరేళ్ల ఎదురుచూపు ఒక చెంచాడు నూనెలో గడ్డకట్టింది. తిట్టు నోటిదాకా వచ్చింది. పొట్టేలు ఇంకా అక్కడే ఉంది కాబట్టి మింగింది.

"సంచీ తియ్," అంది.

చేతి తొడుగులు విప్పి, బోల్టు ఊడదీసి, సూదినీ స్ప్రింగునీ బయటికి లాగింది. నూనె పేరిన కొవ్వులా పట్టుకుని ఉంది. దాని మీద జిడ్డు కరిగించే లైటర్ నూనె పోసి పీలికలతో తుడిచింది. ఆ చల్లదనానికి వేళ్లు ముందు మండాయి, తర్వాత మొద్దుబారాయి. తిరిగి బిగిద్దామంటే స్ప్రింగు నొక్కే బలం వేళ్లలో లేదు. రెండుసార్లు జారింది. అవతల ఆడమంద లేచి నడక మొదలెట్టింది.

"నా చేతులు చంకలో వెచ్చగా ఉన్నాయి," అన్నాడు ఎమిల్. "మీరు చెప్పండి, నేను తిప్పుతా."

"నొక్కి పట్టు. ఎడమకి. ఇంకా. నూనె చేతులు ముందు తుడుచుకో, మహానుభావా."

అతను బిగించాడు. ఆమె కొత్త తూటా ఎక్కించింది. పొట్టేలు మందకి చివరన నడుస్తూ, గుట్ట అంచు మీద ఒక్కసారి ఆగి వెనక్కి చూసింది. ఈసారి తుపాకీ పేలింది. పొట్టేలు ముందుకాళ్ల మీద కూలి, పక్కకి ఒరిగి, కదల్లేదు.

ఎల్నా కోటు చేతిలో మొహం దాచుకుని ఏడ్చింది. సిగ్గుపడలేదు. ఎమిల్ ఆమె వేళ్లను తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు.

"తిట్టండి వదినా. బాకీ ఉంచకండి."

"దిగేటప్పుడు తిడతాలే. ముందు కత్తి తియ్."

మాంసం కోసి, మూటలు కట్టేసరికి మధ్యాహ్నం దాటింది. మోయలేనంత బరువు. రేపు రెండో విడత వచ్చి తీసుకెళ్లొచ్చని ఎమిల్ తన స్టవ్వూ, మూడుకాళ్ల స్టాండూ, ఆఖరికి అంత మురిసిపోయి కొనుక్కున్న తేలికపాటి కుర్చీ కూడా బండ కింద పెట్టేశాడు. ఎల్నా కళ్లజోడు సంచీని కూడా వాటి మీదకి విసిరింది.

"దాని పని అయిపోయింది. అక్కడే పడి ఉండనీ."

ఎమిల్ వంగి దాన్ని తీసుకుని, మంచు దులిపి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"పదకొండు ఔన్సులయ్యా," అందామె.

"పదిన్నరే వదినా. సీసా ఖాళీ అయింది కదా."

ఆమె కుంటి కాలికి తగినట్టు అతను ముందు మెల్లగా నడిచాడు. గుర్రాలు కట్టిన చోటికి చేరేదాకా ఆమె తిడుతూనే ఉంది. ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది.